బువ్వ ముందు, కాగితం వరసలో

మా మామ 91 ఏళ్లు బతికి పోయినాడు. పెద్దకర్మ నాడు ప్రొద్దుటూరులో ఆయన ఇల్లు జనంతో నిండిపోయింది. జమ్మలమడుగు నుంచి పొద్దున బస్సుకే వచ్చిన ముసలివాళ్లు, పులివెందుల నుంచి చీనీకాయల సంచి మోసుకొచ్చిన రైతు, అంగడి మూసి వచ్చిన బంగారు పనివాళ్లు. ఎవరిని కదిలించినా ఒకటే మాట: "ఆయన మనోడప్పా!" కులాలు వేరు, పార్టీలు వేరు. ఒకరి గడప ఒకరు తొక్కని ఇండ్లవాళ్లు కూడా అదే మాట అన్నారు.

వింటుంటే కడుపు నిండింది. భోజనాలయ్యాక అరుగు మీద వక్కాకు నములుతూ ఆ మనుషులే ఇంకో మాట అనుకున్నారు: "ఇప్పుడు ఆఫీసులో మనోడు ఎవరుండారబ్బా?" పొద్దున అన్న 'మనోడు' వేరు, మధ్యాహ్నం అడిగిన 'మనోడు' వేరు. ఆ తేడా మనం గుర్తుపట్టకపోతే ఆయనకు పెట్టిన పిండం కూడా వృథాయే.

మామ జమ్మలమడుగు తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, పులివెందులలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చాలాకాలం పనిచేశాడు. మనుషులంటే ప్రాణం. ఏ ఊరివాడు ఎదురుపడినా వానలు పడినాయా, బోరులో నీళ్లుండాయా, బిడ్డ కాన్పు అయిందా అని అడగనిదే కదలనిచ్చేవాడు కాదు. పెండ్లికి పిలిస్తే ముందురోజే పోయేవాడు. చావుకు పిలవకుండానే పోయేవాడు.

నాకు ఇరవై ఏళ్లు కూడా లేని రోజుల్లో, మా నాయన అడంగలు నకలు తెమ్మంటే పులివెందుల పోయాను. కరువు ఏడు. వరండా అంతా శెనక్కాయ రైతులు. మామ ఉన్నాడన్న ధీమాతో అందరినీ దాటుకొని నేరుగా ఆయన మేజా దగ్గరికి పోయి కాగితం పెట్టాను. ఆయన మొహం వెలిగింది. "ఎప్పుడొస్తివి అల్లుడా, బువ్వ తింటివా?" అన్నాడు. బంట్రోతును పిలిచి, తన కోసం ఇంటి నుంచి వచ్చిన క్యారియరు నా ముందు పెట్టించాడు. సంగటి, శెనక్కాయల ఊరిబిండి. నేను ముద్ద కలుపుతుంటే నా కాగితం తీసి, కట్ట అడుగున పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. "బువ్వ ముందు నీకే నాయనా. కాగితం మాత్రం వరసలోనే. బయట నిలబడినోళ్లకు కూడా మామలుంటారు, ఈడ లేరు, అంతే" అన్నాడు.

సాయంత్రం నాలుగయింది నా పని కావడానికి. ఆ రోజు అలిగాను. ఈ రోజు ఆ మాట తలుచుకుంటే తల వంగుతుంది.

మన జిల్లాకు ఇలాంటి పెద్దలు కొత్త కాదు. ఆంధ్ర వాల్మీకి అని మనం గౌరవంగా పిలుచుకునే వావిలికొలను సుబ్బారావు గారు 1883లో చిన్న ఉద్యోగిగా చేరింది ఈ ప్రొద్దుటూరు తాలూకా కచేరీలోనే. రెవెన్యూ కొలువు తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడుగా పనిచేశారు. చివరికి అన్నీ వదిలి, పాడుబడిన ఒంటిమిట్ట కోదండరాముని గుడి కోసం టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా బిచ్చమెత్తారు. పన్ను లెక్కలు రాసిన చేతికి చిప్ప పట్టడం చిన్నతనం అనిపించలేదు, అడిగింది తన కోసం కాదు గనుక. రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వం తరఫున సీతారాముల కల్యాణం ఆ గుడిలోనే జరుగుతోంది. పండు వెన్నెల్లో ఆ కల్యాణం చూసి దండం పెట్టే మనం, ఆ చిప్పను తలుచుకుంటున్నామా?

మన కళ్ల ముందే ఆఫీసులు ఎన్నిసార్లు మారాయి! 1984లో కరణాలు, మునసబులు పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2019లో సచివాలయం ఊళ్లోకే వచ్చింది. బోర్డు మారింది, కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. గడప తొక్కేముందు మనం అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: "లోపల మనోడు ఉండాడా?" లంచం అడిగిన చేయి తప్పుడుదే. మరి సిఫారసు కోసం ఫోను తీసిన చేయి? మనోడికి ముందు అయిన ప్రతి పనీ, మనిషి దిక్కులేని ఒక ముసలవ్వను ఇంకో రోజు తిప్పుతుంది. ఆ అవ్వ బస్సు చార్జీ మన లెక్కలోనే రాయాలి.

నిజాయితీగా పనిచేసినవాణ్ని బతికినన్నాళ్లు "ఎవరికీ పనికిరాడు" అంటాం. పోయినాక "దేవుడు" అంటాం. ఆ దేవుడు మన మాట వినని రోజున ఆయన బదిలీ కోసం నాయకుల ఇండ్ల చుట్టూ తిరిగింది కూడా మనమే కదా? దినం రోజు ఫోటోకు వేసే దండ కంటే, ఉద్యోగంలో ఉన్న నిజాయితీపరుడికి ఒక్క మాట సాయం పెద్దది. అలాంటివాణ్ని ఊరు దాటిస్తుంటే ఇది అన్యాయమని నలుగురం నిలబడి చెప్పడమే నిజమైన కర్మ.

రిటైరైన 30 ఏళ్ల పైచిలుకు మామ తన అరుగును మూయలేదు. రాయను రానివాళ్లకు పింఛను అర్జీలు రాసిపెట్టేవాడు. ఆ కళ్లద్దాలు, ఆ అట్ట, ఆ పెన్ను ఇప్పటికీ గూట్లోనే ఉన్నాయి. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో చదువుకున్న ఇండ్లకు కొదవ లేదు. వారానికి ఒక్క పూట ఇంటి అరుగు ఇవ్వలేమా?

మొన్న మామ మరణ ధ్రువపత్రం కోసం పోయాను. గేటు దగ్గర తెలిసినాయన కనపడి, "లోపల మీవాడే ఉండాడు, ఒక ఫోను కొట్టు, ఐదు నిమిషాల్లో అయిపోతాది" అన్నాడు. నా ముందు పదకొండు మంది. ఫోను జేబులో పెట్టుకొని పన్నెండోవాడిగా నిలబడ్డాను. మామ పేరున్న కాగితాన్ని వరస తప్పించి తీసుకొచ్చి ఏ మొహంతో ఆ ఇంట్లో పెట్టేది?

రేపు మీరు కూడా ఏదో ఒక ఆఫీసు గడప తొక్కుతారు. ముందున్నవాళ్లను ఒకసారి లెక్కపెట్టండి. వాళ్లలో ఎవరైనా పొద్దున్నుంచి తినకుండా ఉంటే, బువ్వ పెట్టించండి. వాళ్ల వరస మాత్రం దాటకండి.