ఊరెళ్తానన్న గొంతు ఎటు పోయింది?

పోలవరం కాలనీల్లో పెళ్ళంటే ఇప్పుడు డోలు కాదు, డీజే. ట్రాక్టరు తొట్టిలో నల్లటి పెట్టెలు ఎక్కించి పాట పెడితే కిటికీ రెక్కలు అదురుతాయి. దేవీపట్నం మండలంలో గోదారి ఒడ్డున రేల పాటకు చేతులు కలిపి ఆడిన మనవాళ్ళే ఇక్కడ 'డీజే టిల్లు' పాటకు ఎగురుతున్నారు. ఆ గొంతు మాకు కొత్త కాదు. రామ్ మిరియాలది. అందుకే మాకు బాధ.

హైదరాబాద్‌లో 'చౌరస్తా' బ్యాండులో ఉన్నప్పుడు ఆయన పాట వేరు. గిటారు పట్టుకున్నవాళ్ళంతా ఇంగ్లీషులోనో హిందీలోనో పాడాలన్న రోజుల్లో ఆ కుర్రాళ్ళు జానపదాన్నీ రాక్‌నీ రెగెనీ కలిపి తెలుగులో పాడారు. 'మాయ' పాడారు. 'ఊరెళ్ళిపోత మామ' పాడారు. 2020లో కరోనా వస్తే 'చేతులెత్తి మొక్కుతా' అని జనాన్ని బతిమాలుకున్నారు. ఆ పాటల వెనక సినిమా లేదు, హీరో లేడు. పాడేవాడి గోడే పాట. 'ఊరెళ్ళిపోత మామ' మా కాలనీల పిల్లలు ఫోన్లలో ఎన్నిసార్లు విన్నారో చెప్పలేం. పట్నంలో ఉన్నవాడికి ఊరెళ్ళడం ఒక కోరిక. మాకు ఆ దారే లేదు. ఊరు నీళ్ళ కిందకి పోయింది. డ్యాము నీటిమట్టం 45.72 మీటర్లకు పెంచితే ఇంకెన్ని ఊళ్ళు పోతాయో అని కూనవరం, చింతూరు వైపు మనవాళ్ళు ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆ పాట రాసినవాళ్ళకు మా సంగతి తెలియకపోవచ్చు. అయినా అది మా పాట అయింది.

తర్వాత ఏమైంది? ఆయన బ్యాండు వదిలారు. 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడారు. 2022లో 'డీజే టిల్లు'కి పాట కట్టి తనే పాడారు. 2024లో 'టిల్లు స్క్వేర్'. అన్నీ హిట్టే. మా తగాదా హిట్టుతో కాదు. పాటలో మనిషి మారిపోయాడు. వెనక 'నేను ఇలా ఉన్నాను, నాకిది నొప్పి' అని పాడిన గొంతు, ఇప్పుడు 'మా హీరో ఎలాంటోడో చూడండి' అని పాడుతోంది.

"ఆయనకీ పొట్టుంది గదండీ" అంటారు కొందరు. ఉంది, కాదనం. సినిమాలో పాడటం తప్పని మేం అనం. 2023లో 'బలగం'లో మంగ్లితో కలిసి పాడిన ఊరి పాట మేమూ ఇష్టంగా విన్నాం. సినిమాలో ఉండి కూడా ఊరిని పాడొచ్చని ఆయనే రుజువు చేశారు. చేతకాని మనిషైతే మేం ఇంత మాట అనేవాళ్ళమే కాదు.

2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' పాట గుర్తు తెచ్చుకోండి. అందులో ఈయనా ఒక గాయకుడే. ఆ పాట ఎత్తుకున్నది పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య. పాలమూరు పేదల కోసం నిలబడ్డ పండుగ సాయన్న కథ చెప్పిన కిన్నెర అది. అదే కిన్నెర సినిమాలో హీరో పుట్టుక చెప్పింది. మరుసటి ఏడు మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నాడని పత్రికలు రాశాయి. సినిమాకి మన వాయిద్యం కావాలి, మన యాస కావాలి, మన గొంతులో గరుకు కావాలి. మన కథ మాత్రం అక్కర్లేదు. ఈ బేరంలో ఎవరికి ఏం మిగిలిందో లెక్క వేసుకోండి.

ఇక మన తప్పూ ఒప్పుకుందాం. బడి వార్షికోత్సవానికి పిల్లలు 'టిల్లు' పాట అడిగితే "సర్లే, చప్పట్లు పడతాయి" అని ఊరుకున్నది మేమే, పంతుళ్ళమే. రేల పాట తెలిసిన ముసలమ్మ అదే వీధిలో ఉంటే ఆమెను స్టేజీ దగ్గరకు పిలవలేదు. పిలిస్తే వచ్చేది. ఊరు పోయింది ప్రభుత్వం వల్ల. పాట పోతే అది మన వల్లే.

రామ్ మిరియాల గారూ, మీరు మాకు బాకీ లేరు. అయినా అడుగుతున్నాం. సినిమాకి నాలుగు పాడండి, మీకోసం ఒకటి పాడండి. హీరో లేని పాట, గిటారు పట్టుకుని మీ నొప్పి మీరే చెప్పుకునే పాట. మీరు పాడినా పాడకపోయినా, ఈ ఏడు మా బడి పండక్కి డీజే పెట్టెలు రావు. ఆ ముసలమ్మ ముందు వరసలో కూర్చోదు, స్టేజీ ఎక్కుతుంది. పిల్లల్లో ఎవరైనా గిటారు తెస్తే తేనివ్వండి. పాట మాత్రం ఆమె ఎత్తుకుంటుంది.