పండ్ల మొక్కకు తల చూడక వేరు చూడవలెను

మృగశిర కార్తె సమీపింపగానే మన సుల్తాన్‌పూరు చుట్టుపట్ల రోడ్ల వెంబడి మొక్కల బండ్లు నిలుచుట ఏటేట చూచుచున్నాము. ఆరడుగులు పెరిగి, ఒకటి రెండు కాయలు కూడ వ్రేలాడుచున్న మొక్కను చూచి రైతు మనస్సు కరుగుట సహజమే. అమ్మువాడు చెప్పిన పేరే దాని పేరు. పత్తి విత్తనము చెడినచో ఒక పంట పోవును. మామిడి అంటు చెడినచో ఆ సంగతి అయిదారేండ్లకు గాని తెలియదు. అంతవరకు పోసిన నీరు, ఎరువు, కావలి కూలి వ్యర్థమగును.

అనుభవించి చెప్పుచున్నాను. బంగినపల్లి యని కొని నేను నాటిన నలువది అంటులలో పదమూడు, ఆరవ యేట పుల్లని నాటుకాయలు కాచినవి. అందు అమ్మినవాని మోసమెంతయో, నా అజాగ్రత్త యెంతయో నేటికిని తేల్చుకొనలేకున్నాను. అంటు కట్టిన పైకొమ్మ ఎండి, అతుకు క్రింద టెంకమొక్క నుండి పుట్టిన చిగురే చెట్టైనను ఇట్లే జరుగును. ఆ చిగుళ్ళను గిల్లివేయవలెనని అప్పుడు నాకు ఎవరును చెప్పలేదు.

ఇక అసలు విషయము. ఉత్తరదేశము నుండి మట్టి లేని వేళ్ళతో కట్టలు కట్టి పంపు మొక్కలను సంఘము తరపున తెప్పింపవలెనని కొందరు సభ్యులు కోరుచున్నారు. వెల తక్కువ, బరువు తక్కువ, లారీలో వేలకొలది పట్టునని వారి వాదము. ఆ పద్ధతి చెడ్డది కాదు. హిమాచలములోను, కాశ్మీరములోను, విలాయతిలోను ఆపిలు, పీచు మొదలగు చెట్లు చలికాలమున ఆకు రాల్చి నిద్రించును. ఆ నిద్రలో త్రవ్వి తీసిన మొక్కకు ఆకు లేనందున నీటి ఖర్చు స్వల్పము. వేరు తడి ఆరకుండిన చాలును, క్రొత్త నేలలో మేల్కొనును. మన మామిడి, జామ, సపోటలకు అట్టి నిద్ర యెక్కడిది? ఆకు నిండుగా నున్న చెట్టుకు వేళ్ళ మట్టి దులిపినచో, పీల్చు వేరు తెగి, ఆకు మాత్రము నీరు విడుచుచునే యుండును. వారము తిరుగకముందే మొక్క వాడిపోవును.

ఆపిలు సంగతి వేరుగా చెప్పవలెను. సామాన్యపు ఆపిలు రకములకు 7 డిగ్రీలకు లోబడిన చలి వేయి గంటల మేర కావలెను; అది మన యెడ లేదు. తక్కువ చలితో కాచు హెచ్.ఆర్.ఎమ్.ఎన్-99 వంటి రకములు వచ్చినవి. కొమురం భీము ఆసిఫాబాదు జిల్లా ధనోరాలో ఒక రైతు 2020లో ఆపిళ్ళు కాయించి చూపెను. ఆయన సాహసమునకు నమస్కరింతును. కాని ఒక తోట కాచినదని సంఘపు సొమ్మును పందెము వేయరాదు. వేడుక గలవారు రెండు మొక్కలు పెరటిలో పెట్టి చూడవచ్చును.

మట్టి లేని వేళ్ళతో మనము నాటదగినవి ఆకు రాల్చునవే: అంజూర, దానిమ్మ, వేళ్ళు పట్టిన ద్రాక్ష కొమ్మలు. అవియు చలికాలమందే. వేళ్ళను తడి గోనెలో చుట్టి తెచ్చి, విరిగిన వేళ్ళను కత్తిరించి, పేడయు మట్టియు కలిపిన నీటిలో ముంచి, పైకొమ్మలను తగ్గించి, సాయంకాలము నాటవలెను. రేగు మాత్రము తల్లివేరు లోతుగా దిగునది గావున పొలమందే విత్తనము పెట్టి, మొలచిన మొక్కకు అక్కడనే కన్ను అంటు కట్టుట మేలు.

మామిడికి సంచిలోని అంటే మార్గము. పొట్టిగా, పెన్సిలంత లావు కాండముతో, అతుకు గట్టిగా కలిసిన దానిని యెంచుకొనుడు. ఒక మొక్క సంచి చింపి వేరు చూపుమని అడుగుడు. వేళ్ళు చుట్టలు చుట్టుకొని యున్నచో ఆ వరుస మొత్తము వదలివేయుడు. కాయలతో నున్న మొక్క తొందరపడి అలసినదని గ్రహింపుడు. తల్లిచెట్టు ఎక్కడిదో చెప్పలేనివాని యొద్ద కొనకుడు. మనకు సంగారెడ్డి పండ్ల పరిశోధనా స్థానము పొరుగుననే యున్నది. రుమాని, నీలం రకముల సంకరమైన మంజీర అచ్చటనే పుట్టినది; చెట్టు పొట్టి, కాపు ఏటేట. చిన్నకారు రైతునకు అది చూడదగిన రకము.

గుంట మూడడుగుల లోతున వేసవిలోనే త్రవ్వి యెండనిచ్చి, పశువుల యెరువు, వేపపిండి కలిపి పూడ్చి, ఆరుద్ర వానలకు నాటవలెను. అతుకు నేలకు జానెడు పైన నుండవలెను. నల్లరేగడిలో నీరు నిలుచు చోట మామిడి పెట్టకుడు. చెల్క నేల దానికి మంచిది. పటాన్‌చెరు కార్ఖానాల మురుగు నక్కవాగులో కలిసి భూములు చెడిన వివాదము 1990లో సుప్రీంకోర్టునకు ఎక్కిన సంగతి మీరెరుగుదురు. బోరునీరు పరీక్ష చేయింపక ముప్పది యేండ్ల తోటకు పూనుకొనరాదు.

ఔటర్ రింగురోడ్డు, వైద్యపరికరముల పార్కు వచ్చిన పిదప, “ఇక చెట్లెందుకు, భూమిని అమ్ముకొందము” అను మాట మన యూర వినిపించుచున్నది. నిలుపుకొనదలచిన వారికొరకే ఈ వ్రాత. రకము, సంఖ్య వ్రాసి ఉగాదిలోగా సంఘ కార్యాలయమున ఇచ్చినచో, అందరి అంటులు ఒక్కమారు తెప్పించి, వేళ్ళు చూచి పుచ్చుకొనుటకు ఇద్దరు సభ్యులను పంపవచ్చును. ఆ ఇద్దరిలో ఒకనిగా పోవుటకు నేను సిద్ధము.