మధుమేహమును, స్టాటిన్ మాత్రయు

2022 వ సంవత్సరము మే నెలలో ప్రపంచారోగ్య మహాసభ మధుమేహ విషయమున ఐదు లక్ష్యములను నిర్ణయించినది. వీనిని 2030 నాటికి సాధింపవలెనని సంకల్పము. రోగమున్నవారిలో నూటికి 80 మందికి రోగనిర్ణయము జరుగవలెననియు, నిర్ణయమైనవారిలో నూటికి 80 మందికి చక్కెరయు, అంతే మందికి రక్తపుపోటును అదుపులో నుండవలెననియు, మొదటి రకపు మధుమేహము గలవారందఱికిని ఇన్సులిన్ సరసమైన ధరకు లభింపవలెననియు నాలుగు లక్ష్యములు. వీని యావశ్యకతను వేఱుగ వివరింప నక్కఱలేదు. నలువది యేండ్లు నిండిన మధుమేహులలో నూటికి 60 మందికి స్టాటిన్ అను ఔషధ మందవలెననునది యైదవ లక్ష్యము. నేడు మేము ప్రస్తావింప దలచినది దీనినే.

“నాకున్నది చక్కెర వ్యాధి, కొవ్వు మందు నా కెందులకు? పరీక్షలో నా కొలెస్టెరాల్ సరిగానే యున్నదని వ్రాసిరి గదా!” యని రోగి యడుగును. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము చెప్పక మందుచీటీపై మఱియొక పేరు చేర్చి పంపుటచేతనే ఆ మాత్ర నెలనాళ్లు తిరుగకుండ మూలబడుచున్నది.

మధుమేహులు అధికసంఖ్యలో మరణించుచున్నది గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులచేతనే. ఈ రోగమున రక్తనాళముల లోపొర దెబ్బతినియుండును. కొలెస్టెరాలును మోయు ఎల్.డి.ఎల్. రేణువులు చిన్నవియు దట్టమైనవియునై ఆ పొరలోనికి సులభముగా చొచ్చి పేరుకొనును. అందుచేత ఇతరుల కంతగా హాని చేయని పరిమాణము సైతము మధుమేహునకు హాని చేయజాలును. పరీక్షాపత్రముపై “సామాన్యము” అని యచ్చువేసిన అంకె అతనికి అభయపత్రము కానేరదు.

చక్కెరను తగ్గించిన చాలదా యని మఱియొక సందేహము. బ్రిటనులో జరిగిన యు.కె.పి.డి.ఎస్. అను దీర్ఘపరిశోధన ఫలితములు 1998 లో వెలువడినవి. చక్కెరను గట్టిగా అదుపుచేసినవారిలో కన్నులు, మూత్రపిండములు మున్నగువానికి సంబంధించిన సూక్ష్మనాళముల బాధలు నూటికి 25 వంతులు తగ్గినవి. గుండెపోట్లు తగ్గినది 16 వంతులే. అదియు నిశ్చయముగా చెప్పదగినంత కాదయ్యెను. గుండెకు ఆ లాభము స్పష్టముగా సమకూరుటకు మఱి పదేండ్లు పట్టినట్లు 2008 లో తేలినది. హృద్రోగమునకు దారితీయు కారణములను ఆ పరిశోధనయందే లెక్కింపగా ఎల్.డి.ఎల్. కొలెస్టెరాలే మొదటి స్థానమున నిలిచినది. చక్కెర నదుపుచేయుట అత్యావశ్యకమే. కాని అది గుండెకు పూర్తి రక్షణ కాదు.

ఇట్టి రక్షణకు తోడ్పడు మందు శిలీంధ్రమునుండి లభించినది. జపానుదేశపు శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో వేలకొలది బూజుజాతులను పరీక్షించి 1973 లో మొదటి స్టాటిన్‌ను కనుగొనెను. కాలేయమున కొలెస్టెరాల్ తయారగుటకు ముఖ్యమైన యొక ఎంజైమును ఈ మందు అడ్డగించును. అప్పుడు కాలేయము తన కొఱతను తీర్చుకొనుటకై రక్తమునందలి ఎల్.డి.ఎల్.ను అధికముగా లోనికి లాగుకొనును. 1987 లో లోవాస్టాటిన్ అమెరికాలో విక్రయమునకు వచ్చినది. ఇప్పుడు మన వైద్యులు విస్తారముగా వ్రాయునది అటోర్వాస్టాటిన్.

మధుమేహులయందు దీని ఫలము నిశ్చయించిన పరిశోధనలలో ‘కార్డ్స్’ అనునది ప్రధానమైనది. బ్రిటను, ఐర్లండు దేశములలో 2,838 మంది మధుమేహు లిందు పాల్గొనిరి. వీరికి పూర్వము గుండెజబ్బుగాని పక్షవాతముగాని లేదు. కొలెస్టెరాలును అధికముగా లేదు. అయినను రక్తపుపోటు, పొగత్రాగుట వంటి మఱియొక యపాయకారణము ప్రతివారికి నుండెను. కొందఱికి అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్రయు, కొందఱికి మందులేని ఉత్తమాత్రయు నిచ్చిరి. లాభము ముందుగానే స్పష్టపడుటచే అనుకొన్న గడువునకు సుమారు రెండేండ్లు ముందే దీనిని ముగించి 2004 లో ఫలితములు ప్రకటించిరి. ఇంచుమించు నాలుగేండ్లలో ఉత్తమాత్ర వేసికొన్నవారిలో నూటికి 9 మందికి గుండెపోటు, పక్షవాతము మొదలగు పెద్ద యాపదలు కలుగగా, మందు వేసికొన్నవారిలో నూటికి 6 గురికి మాత్రమే కలిగినవి. నూఱుగురిలో ముగ్గురు తప్పించుకొనిరన్నమాట. ఈ లెక్క స్వల్పమని తోచవచ్చును. కాని కోట్లమంది రోగులున్న దేశమున నూటికి ముగ్గురనగా ఎన్ని సంసారములో పాఠకులే యూహింతురు గాక.

మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడియున్నారని భారత వైద్యపరిశోధన మండలివారి సర్వే 2023 లో తెలిపినది. అదే సర్వేనుండి 2022 లో వెలువడిన మఱియొక నివేదిక మమ్మెక్కువగా కలవరపఱచుచున్నది. తమకు మధుమేహమున్నదని యెఱిగినవారిలోనే చక్కెర, రక్తపుపోటు, ఎల్.డి.ఎల్. మూడును అదుపులో నున్నవారు నూటికి 7.7 మంది మాత్రమే. ఔషధము లేమిచే ఈ దురవస్థ కలిగినదనుటకు వీలులేదు. అటోర్వాస్టాటిన్ 2022 నాటి జాతీయ అత్యవసరౌషధముల జాబితాలో చేరియున్నది. దాని ధరకు ప్రభుత్వనియంత్రణము గలదు. హైదరాబాదు నగరమందలి కర్మాగారములు ఇట్టి మందులను తయారుచేసి విదేశములకు సైతము పంపుచున్నవి. మనచేత తయారై సముద్రములు దాటిపోవు మాత్ర మన గ్రామమందలి రోగి చేతికి అందకుండుట సిగ్గుచేటు గాదా?

ఈ మందుపై గల భయములను త్రోసివేయుట న్యాయము కాదు. కండరముల నొప్పులు కలుగునని మొదటి యారోపణము. దుష్ఫలితములచే మందు మానివేసిన 60 మందితో బ్రిటనులో జరిగిన పరిశోధన 2020 లో ప్రకటితమైనది. వారికి కొన్ని నెలలు మందును, కొన్ని నెలలు ఉత్తమాత్రయు నిచ్చి, మఱికొన్ని నెలలు ఏదియు నీయక చూచిరి. మందు వేసికొన్న నెలలలో కలిగిన బాధలో సుమారు 90 వంతులు ఉత్తమాత్రతోను కలిగినవి. వారు పడిన బాధ నిజమే. కాని దానిలో అధికభాగమునకు మందు కారణము కాదు. అఱుదుగా కండరములు తీవ్రముగా దెబ్బతినుట కలదు. తీవ్రమైన నొప్పితో మూత్రము నల్లబడినచో ఆ క్షణమే మందు మాని వైద్యుని జూడవలెను.

ఇది చక్కెరను పెంచునని రెండవ యారోపణము. ఇందు సత్యమున్నది. 2010 లో ప్రకటితమైన పరిశీలన ప్రకారము 255 మంది నాలుగేండ్లు స్టాటిన్ వాడినచో ఒకరికి అధికముగా మధుమేహము సంక్రమించును. ఇదివఱకే ఆ రోగమున్నవారిలో చక్కెర కొంచెము పెరుగవచ్చును. దానిని ఇతరౌషధములతో సరిచేసికొనవచ్చును. ఆగిన గుండెను సరిచేయుట యట్టిది కాదు.

అట్లని ఇది అందఱికిని కన్నులు మూసికొని పంచదగిన ప్రసాదమని మేము చెప్పుట లేదు. గర్భవతులు సామాన్యముగా దీనిని మానవలెను. తీవ్రమైన కాలేయవ్యాధి గలవారికి ఇది తగదు. డయాలిసిస్ చేయించుకొనుచున్న మధుమేహులకు క్రొత్తగా మొదలిడినచో స్పష్టమైన లాభము కానరాలేదని జర్మనీ పరిశోధన 2005 లో తెలిపినది. నలువది యేండ్లలోపువారి విషయమున ఇతర యపాయకారణములను చూచి నిర్ణయింపవలెను. మితాహారము, నడక, పొగాకు విసర్జనము అను వానికి ఈ మాత్ర తోడేగాని ప్రత్యామ్నాయము కాదు.

కావున మా సూచనలు మూడు. చక్కెర మందును, రక్తపుపోటు మందును ఇచ్చు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను స్టాటిన్ ఏడాది పొడుగున లభించునట్లు ప్రభుత్వములు చూడవలెను. ఒక నెల యిచ్చి రెండు నెలలు లేదని పంపు పద్ధతి నశింపవలెను. వైద్యులు చీటీ వ్రాయుటతో తృప్తిపడక, ఈ మందు గుండె కొఱకని, చక్కెర తగ్గినను దీనిని మానరాదని రోగితో తెలుగున రెండు మాటలు చెప్పవలెను. రోగులును ఇరుగుపొరుగువారి మాటపై మందు మానక, సందేహమున్నచో వైద్యునే నిలదీసి యడుగవలెను. అది వారి హక్కు.

2030 ఎంతో దూరమున లేదు. నూటికి 60 మందికి మాత్ర చేర్చుట ధనముచేతను, శాసనముచేతను కొంతవఱకు సాధ్యపడును. చేరిన మాత్ర ప్రతిరాత్రియు రోగి నోట బడుటకు వైద్యునిపై విశ్వాసము కావలయును. ఆ విశ్వాసమును సంపాదించుకొను భారము వైద్యులపైనను, ప్రభుత్వములపైనను గలదు.