అంటించి పంపిస్తే సరిపోదు

వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు ఒంటికి అంటించుకోవాలి. నాలుగో వారం ఏమీ అంటించుకోకుండా వదిలేస్తే ఆ రోజుల్లో నెలసరి వస్తుంది. పొట్ట మీదో, పిరుదు మీదో, జబ్బకు వెలుపలి వైపో, వీపు పైభాగంలోనో పెట్టుకోవచ్చు. రొమ్ముల మీద మాత్రం అంటించకూడదు. అందులో ఉండే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ హార్మోన్లు చర్మం గుండా రక్తంలోకి దిగి, అండం విడుదల కాకుండా ఆపుతాయి. ఇదీ గర్భనిరోధక ప్యాచ్. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్, కాపర్ టీల జాబితాలో ఇది లేదు. అమెరికాలో చదువుకుంటున్న, కాపురాలు చేసుకుంటున్న మన అమ్మాయిలు కొందరు దీన్ని వాడుతున్నారు. వాళ్లు ఫోన్లలో చెప్పే సంగతులు వింటుంటే, ఇది వాళ్లలో వాళ్లు గుసగుసగా చెప్పుకుని ఊరుకోవాల్సిన విషయం కాదనిపించింది.

ప్యాచ్ మంచి ఆలోచనే. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవడం ఎంత కష్టమో వేసుకున్నవాళ్లకే తెలుసు. 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ప్యాచ్ వాడినవాళ్లు 88 శాతం నెలల్లో ఒక్క పొరపాటూ లేకుండా వాడగలిగారు. మాత్రలు వాడినవాళ్లలో అది 78 శాతమే. వాంతులైనా మందు పోదు. అత్తగారు వచ్చి నెల రోజులున్నా మాత్రల డబ్బా దాచుకునే పని లేదు. ఇష్టం లేనప్పుడు తనే తీసేయవచ్చు. ఆపరేషన్‌కు గానీ, మూడు నెలల ఇంజెక్షన్‌కు గానీ ఆ వెసులుబాటు లేదు. స్త్రీ చేతిలోనే ఉండే పద్ధతి ఏదైనా నేను గౌరవిస్తాను.

అయితే దాంతో రోజులు గడపడం ఎలా ఉంటుందో పెట్టె మీద రాయరు. డల్లాస్‌లో ఉన్న మా బంధువులమ్మాయి చెప్పింది: "పిన్నీ, ఆదివారం ఒంటికి నూనె రాసుకుని తలంటు పోసుకున్నానంటే చాలు, అంచులు లేచిపోతున్నాయి." లేచిన అంచు కిందికి బట్టల నూగు చేరి నల్లటి చారలా కడుతుంది. వారం తిరిగాక ప్యాచ్ ఊడదీస్తే దాని ఆకారంలోనే జిగురు మిగిలిపోతుంది. దాన్ని బేబీ ఆయిల్ పెట్టి రుద్ది వదిలించుకోవాలి. లేత గోధుమ రంగు ప్యాచ్ మన చామనఛాయ ఒంటి మీద దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి, చీర కట్టే రోజుల్లో నడుము దగ్గర పెట్టుకోలేదు. అంటించే చోట నూనె, క్రీము, పౌడరు ఉండకూడదనీ, ఊడిపోతుంటే పైన టేపు వేసి అతికించకూడదనీ ఆమెకు మందిచ్చిన చోట ఎవరూ చెప్పలేదు. ఊడి 24 గంటలు దాటితే కొత్త ప్యాచ్‌తో మళ్లీ మొదటి వారం నుంచి లెక్క మొదలుపెట్టాలి, ఆ తర్వాత ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. ఇది కూడా ఆమె కాగితం చదివే తెలుసుకుంది. సరిగ్గా వాడితే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికే గర్భం వచ్చే ఈ పద్ధతి, మామూలు వాడుకలో వందలో ఏడుగురికి విఫలమవుతోంది. ఆ తేడాలో ఎక్కువ భాగం ఎవరూ చెప్పని ఇలాంటి చిన్న సంగతుల దగ్గరే ఉంది.

రొమ్ముల సలపరం, తలనొప్పి, వికారం, ప్యాచ్ పెట్టినచోట దురద. వీటిని డాక్టర్లు ఒప్పుకుంటారు, రెండు మూడు నెలల్లో సర్దుకుంటుందంటారు. చాలామందికి సర్దుకుంటుంది కూడా. మనసు సంగతి వచ్చేసరికే మాట తెగిపోతుంది. వీసా వల్ల ఉద్యోగం చేసే వీలు లేక, రోజంతా అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉండే అమ్మాయి "ఊరికే ఏడుపొస్తోంది" అంటే, ఇల్లు గుర్తొస్తోందిలే అని భర్త, వాతావరణం పడలేదని అమ్మ, స్ట్రెస్ అని డాక్టరు. కావచ్చు. కానీ 2016లో డెన్మార్క్‌లో పది లక్షల మందికి పైగా స్త్రీల రికార్డులు పరిశీలించినప్పుడు, హార్మోన్ పద్ధతులు వాడనివాళ్లతో పోలిస్తే డిప్రెషన్ మందులు మొదటిసారి మొదలుపెట్టడం మాత్రలు వాడేవాళ్లలో కొద్దిగా, ప్యాచ్ వాడేవాళ్లలో దాదాపు రెండింతలు ఎక్కువగా కనిపించింది. ప్యాచ్ వల్లే అలా జరిగిందని ఆ లెక్క రుజువు చేయదు. అయినా ఆ అమ్మాయి మాటను కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదని చెప్పడానికి అది చాలు. ఆమె అడగాల్సింది ఒకటే: "మూడు నెలలు ఇది మానేసి, వేరే పద్ధతి వాడి చూడొచ్చా డాక్టరుగారూ?"

ఇక రక్తం గడ్డకట్టే ప్రమాదం. 2001 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 'ఆర్థో ఎవ్రా' అనే మొదటి ప్యాచ్‌కు అనుమతి ఇచ్చింది. నాలుగేళ్ల తర్వాత, 2005 నవంబరులో, దాని లేబుల్ మీద కొత్త హెచ్చరిక చేరింది. మాత్ర వేసుకున్నప్పుడు హార్మోన్ రక్తంలో ఒక్కసారిగా పెరిగి, మళ్లీ తగ్గుతుంది. ప్యాచ్‌తో అంత ఎత్తుకు పోదు, కానీ తగ్గదు కూడా. అందువల్ల మొత్తం మీద లెక్కేస్తే, 35 మైక్రోగ్రాముల మాత్ర కంటే ఒంట్లోకి చేరే ఈస్ట్రోజన్ దాదాపు 60 శాతం ఎక్కువని తేలింది. అప్పటికే లక్షల మంది వాడేశారు. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్ల కుటుంబాలు కోర్టులకెక్కారు. ఆ పేరుతో ఇప్పుడు అమెరికాలో అమ్మడం లేదు. అవే హార్మోన్లతో 'జులేన్' 2014 నుంచీ, ఈస్ట్రోజన్ తగ్గించిన 'ట్విర్లా' 2020లో అనుమతి పొందినప్పటి నుంచీ దొరుకుతున్నాయి.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఐరోపా ఔషధ సంస్థ 2013లో చేసిన సమీక్ష ప్రకారం, ఏ హార్మోనూ వాడని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి ఇలా గడ్డకడితే, పాత రకం మాత్రలు వాడేవాళ్లలో 5 నుంచి 7 మందికి, ప్యాచ్ వాడేవాళ్లలో 6 నుంచి 12 మందికి ఆ ముప్పు ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పయిన కొత్తలోనూ అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయితే ఆ 12 మందిలో ఎవరుండవచ్చో ముందే కొంతవరకు పసిగట్టవచ్చు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో రక్తం గడ్డకట్టిందా? కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించి ఆ తర్వాత తలనొప్పి వస్తుందా? 35 దాటి సిగరెట్ తాగుతారా? బీపీ ఎంత? బరువు ఎంత? బీఎంఐ 30, ఆపైన ఉన్నవాళ్లు వాడకూడదని లేబులే చెబుతోంది. ఇవి అడగడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ ఐదు నిమిషాలు పెట్టని డాక్టరుకు ఈ మందు రాసే అర్హత లేదని నా అభిప్రాయం.

ఇక్కడ మనం మాత్రం అడుగుతున్నామా? వ్రతానికో, పెళ్లికో, తిరుమల ప్రయాణానికో డేట్ వాయిదా వేసుకునే మాత్రలు మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని, కూతుళ్లకు మన చేతులతోనే వేస్తున్నాం. అవీ హార్మోన్లే. అందులోని నోరెథిస్టెరాన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. పిక్కలు సలుపుతున్నాయని ఆ పిల్ల అంటే ప్రయాణం బడలిక అంటాం.

అడిగినవాళ్లూ ఉన్నారు. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను మన ఆడవాళ్ల మీద ప్రయోగించినప్పుడు, అది ప్రయోగమన్న సంగతే వాళ్లకు సరిగా చెప్పలేదు. హైదరాబాద్‌లోని మహిళా సంఘం స్త్రీ శక్తి సంఘటన వాళ్లు వెళ్లి అడిగారు, 1986లో మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ పోరాటం వెనకున్న మాట ఇదే: మా ఒంట్లోకి ఏం పంపుతున్నారో మాకు చెప్పండి.

ప్యాచ్ గానీ, మాత్ర గానీ, ఇంజెక్షన్ గానీ వాడే ప్రతి అమ్మాయికీ నా మనవి. ఒక కాలికే వాపు, పిక్కలో తగ్గని నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, మునుపెన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి, ఎమర్జెన్సీకి వెళ్లి "నేను హార్మోన్ వాడుతున్నాను" అని మొదటి మాటగా చెప్పండి. తేడా చేస్తే డాక్టరుతో చెప్పడంతో ఆగకండి. అమెరికాలో ఉంటే ఎఫ్‌డీఏ మెడ్‌వాచ్‌కు మీరే ఫిర్యాదు పంపవచ్చు. మన దేశంలో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఉచిత నంబరు 1800-180-3024. అందుకు వాడే ఫారం తెలుగులో కూడా ఉంది.