చిలక పలుకులు చాలవు

మా బుడ్డోడికి రెండేళ్ల ఐదు నెలలప్పటి మాట. రంగులన్నీ గడగడా చెప్పేవాడు. రెడ్, బ్లూ, ఎల్లో, పర్పుల్... ఏ నుంచి జెడ్ దాకా నోటికొచ్చు. ఇంగ్లిషు రైములు ఓ పది వచ్చు. ఇంటికి చుట్టాలొస్తే చాలు, వాణ్ని మధ్యలో నిలబెట్టి అన్నీ అప్పజెప్పించేవాళ్లం. వాళ్లు ముక్కున వేలేసుకుంటే మేం మురిసిపోయేవాళ్లం.

ఓ రోజు మధ్యాహ్నం వాడికి దాహమేసింది. నా చొక్కా పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లాడు. నీళ్ల బిందె వైపు నా చెయ్యి నెట్టి ‘ఊఁ... ఊఁ...’ అన్నాడు. ‘నీళ్లు’ అనలేదు. పోనీ ‘వాటర్’ అని కూడా అనలేదు. కరివేపాకు ఇవ్వడానికి వచ్చిన ఇంటి ఓనరు మామ్మగారు గుమ్మంలోంచి ఇదంతా చూశారు. ‘‘గిన్ని పాటలు పాడుతడు గదా బిడ్డా, నీళ్లడగనీకి నోరు రాదా వీనికి?’’ అన్నారు.

నాకు చురుక్కుమంది. పేరులోనే చిలకలున్న చిలకలగూడలో ఉంటూ మేం కూడా ఇంట్లో ఓ చిలకను తయారుచేశామన్నమాట. పలుకులొచ్చాయి. మాటలు రాలేదు.

మర్నాడే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు చెవుల పరీక్ష చేయించమన్నారు. వినికిడి బాగానే ఉందని తేలింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? కావలసింది వేలెత్తి చూపిస్తాడా? కళ్లలోకి చూస్తాడా? తోటి పిల్లలతో ఆడతాడా? ఇలా చాలా అడిగారు. చివరికో ప్రశ్న వేశారు. ‘‘రోజులో బాబుతో ఎవరు మాట్లాడతారు?’’

నేనూ మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నాం. ఇద్దరివీ ఉద్యోగాలు. పొద్దున ఇడ్లీ ముక్క దిగాలంటే ఫోను. పగలు వాణ్ని చూసుకునే అమ్మాయి టీవీ పెడుతుంది. రాత్రి నా ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో పప్పన్నం ముద్ద. వేళ్లు మడిచి లెక్కేస్తే రోజుకు నాలుగు గంటలు దాటింది. వాడి చెవిన మాటలు పడటం లేదని కాదు. పడుతున్నాయి. కాకపోతే మాట్లాడుతున్నది మేం కాదు!

ఫోను తిరిగి పలకదు

‘అదేంటి, వింటే మాటలు వస్తాయి కదా... ఎవరు చెబితేనేం?’ అని అప్పట్లో నేనూ అనుకున్నాను. ఈ సందేహం శాస్త్రవేత్తలకూ వచ్చింది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పసిపిల్లలకు చైనా భాష మాండరిన్ వినిపించింది. కొందరికి మనిషే ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ మాట్లాడారు. ఇంకొందరికి వాటినే వీడియోలో చూపించారు. మరికొందరికి ధ్వని మాత్రమే వినిపించారు. పన్నెండు విడతలయ్యాక పరీక్షించారు. మనిషితో గడిపిన పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాను పసిగట్టారు. మిగతావాళ్లకు ఏమీ అంటలేదు. 2003లో వెలువడిన ఈ ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు.

మన అమ్మమ్మలైతే ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. పసివాడు ‘త్త... త్త...’ అంటే ‘అత్తా? అత్త వచ్చిందా? ఏం తెచ్చింది?’ అంటారు వాళ్లు. వాడు మళ్లీ ఏదో అంటాడు. వీళ్లు మళ్లీ బదులిస్తారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోంచే మాట పుడుతుంది. ఫోనులో బొమ్మ అలా బదులివ్వదు. పిల్లాడు నవ్వినా, ఏడ్చినా, నిద్రపోయినా దాని పాట దానిదే.

అలాగని ఫోనును తీసుకెళ్లి హుస్సేన్‌సాగర్‌లో పారేయక్కర్లేదు. మా పై వాటాలో ఓ రైల్వే కుటుంబం ఉంటుంది. ఆయన లోకో పైలట్. వారంలో సగం రాత్రులు ఏదో ఒక ఊళ్లోని రన్నింగ్ రూములోనే. డ్యూటీ దిగగానే ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. ‘జడలెవరు వేశారే? నా చెప్పులెక్కడ దాచావే?’ అని రెండేళ్ల కూతుర్ని అడుగుతాడు. ఆ పిల్ల ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి చెప్పులు చూపిస్తుంది, వాళ్ల నాయనమ్మ మీద చాడీలు చెబుతుంది. అదీ తెరే. మావాడు చూసిందీ తెరే. కానీ అవతల బదులు పలికే నాన్న ఉన్నాడు.

ఈ తేడానూ పరిశోధకులు తేల్చి చెప్పారు. 2014లో సారా రోజ్‌బెర్రీ, క్యాథీ హిర్ష్-పాసెక్, రాబర్టా గోలింకాఫ్ ప్రచురించిన అధ్యయనంలో రెండు, రెండున్నరేళ్ల పిల్లలు వీడియో కాల్‌లో మాట్లాడిన మనిషి దగ్గర కొత్త మాటలు నేర్చుకున్నారు. ముందే రికార్డు చేసిన వీడియో నుంచి మాత్రం నేర్చుకోలేకపోయారు.

మన భారతీయ పిల్లల వైద్యుల అకాడమీ 2022లో ప్రచురించిన మార్గదర్శకాల్లోనూ ఇదే కనిపిస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దన్నారు. ఒక్క మినహాయింపు... బంధువులతో అప్పుడప్పుడూ వీడియో కాల్. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కనుండగా. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు గంటే గరిష్ఠమనీ, ఎంత తగ్గితే అంత మంచిదనీ 2019లోనే చెప్పింది.

పక్కన ఎవరున్నారు?

మరి కాస్త పెద్ద పిల్లల సంగతి? కరోనా రోజులు గుర్తు చేసుకోండి. బడులు మూతపడ్డాయి. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో మూడు నుంచి పదో తరగతి దాకా టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. టీవీయే లేకపోతే ఆ పిల్లలు నెలల తరబడి పుస్తకం మొహం చూసేవాళ్లు కాదు. ఆ మేలు చిన్నదేం కాదు.

అప్పుడు మా పక్క బిల్డింగులో ఏడో తరగతి పిల్లలు ఇద్దరుండేవారు. పాఠం ఒకటే, సమయం ఒకటే. అమ్మాయి పక్కన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన తాతగారు కూర్చునేవారు. ఆయనకు ఆ లెక్కలు రావు. ‘నాకర్థం కాలేదు, నువ్వు చెప్పు’ అనేవారంతే. ఆమె చెప్పేది. అబ్బాయి తల్లిదండ్రులు పనులకు వెళ్లిపోయేవారు. టీవీలో పాఠం నడుస్తుంటే అతని చేతిలో ఫోను ఆట నడిచేది. బడి తెరిచేసరికి అమ్మాయి క్లాసుతో కలిసిపోయింది. అబ్బాయికి ట్యూషన్లు పెట్టించాల్సి వచ్చింది. తప్పు వాడిది కాదు. ఇల్లు గడవాలంటే పనికెళ్లక తప్పని ఆ అమ్మానాన్నలదీ కాదు. పక్కన మనిషి లేకపోవడమే అసలు లోటు.

మామ్మగారి తరం రేడియో విన్నది. అదీ యంత్రమే. కానీ ‘బాలానందం’లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి పిల్లల్ని మైకు ముందుకు తెచ్చి వాళ్లచేతే పాడించారు, మాట్లాడించారు. పిల్లలు వినడానికే కాదు, వినిపించడానికీ వచ్చారు. ఇప్పుడు మన పిల్లల చేతికి మైకు, కెమెరా, గ్రంథాలయం అన్నీ కలిపి ఇచ్చాం. దాంతో ఏం చేస్తున్నారు? ప్రథమ్ సంస్థ 2024 ‘అసర్’ నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం. సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం!

మేం చేసిందేమిటంటే...

డాక్టరు మాట విని మా ఇంట్లో మూడు పనులు చేశాం. ఒకటి, అన్నం దగ్గర ఫోను లేదు. మొదటి నాలుగు రోజులు నరకమే. కంచం విసిరేశాడు. ఐదో రోజు ఆకలేసి తిన్నాడు. రెండు, చూసుకునే అమ్మాయిని టీవీ కట్టేసి వాడితో కబుర్లు చెప్పమన్నాం. ఆమె ‘మరి పని?’ అంది. ‘అదే నీ పని’ అన్నాం. మూడు, రోజూ సాయంత్రం గంటసేపు బయటికి. ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి ముప్పు తగ్గుతుంది కాబట్టి ఇది కళ్లకూ మేలే.

నెలన్నరకు ‘నీల్లు’ అన్నాడు. ఇద్దరం ఒకేసారి గ్లాసు పట్టుకుని పరుగెత్తాం.

ఒక్క జాగ్రత్త. మాటలు ఆలస్యమైతే ఫోనుదే పాపమని ఎవరికి వారు తీర్మానించుకోవద్దు. వినికిడి లోపం కావచ్చు, ఆటిజం కావచ్చు, మరేదైనా కావచ్చు. ‘మగపిల్లలకు మాటలు లేటుగా వస్తాయిలే’ అని వాయిదా వేయనూ వద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే మేధో దివ్యాంగుల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. ఎదుగుదలలో ఆలస్యాన్ని చిన్న వయసులోనే గుర్తించి సాయం చేసే విభాగం అక్కడుంది. ఎంత ముందు వెళ్తే అంత మేలు.

మావాడికిప్పుడు నాలుగేళ్లు. రోజుకు అరగంట టీవీ చూస్తాడు, మేం పక్కన కూర్చుంటాం. రైములు సగం మర్చిపోయాడు. మొన్న రాత్రి సీతాఫల్‌మండి వైపు నుంచి రైలు కూత వినిపిస్తే, నిద్రలోంచి లేచి ‘‘నాన్నా, రైలుకి నిద్దర రాదా?’’ అనడిగాడు. దాన్ని నడిపే అంకుల్ మేలుకుని ఉంటాడని చెప్పాను. ‘‘ఎందుకు?’’ అన్నాడు. అర్ధరాత్రి పన్నెండున్నర దాకా ఆ ‘ఎందుకు’లు ఆగలేదు.

పొద్దున మామ్మగారికి చెబితే నవ్వారు. ‘‘ఇగ సూడు బిడ్డా, ఆపుమన్నా ఆపడు’’ అన్నారు.

ఆపమని మేం అననే అనం.