పడవ యాగిన యిసుకతిప్ప

కాకినాడనుండి పడవపై తూర్పుగా పోవువారికి, తీరము వెనుకబడిన కొంతసేపటికి నీటికి నించుమించు సమమట్టముగా నొక యిసుకచార కనబడును. దానిని హోపు దీవి యందురు. గోదావరి మోసికొనివచ్చిన యిసుకను కెరటములు ప్రోవుచేయగా నేర్పడిన తిప్ప యది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వయస్సు రమారమి రెండు శతాబ్దములు. మన జిల్లాలోని దేవాలయములు పెక్కులు దానికంటె పెద్దవి.

విహారమునకు వచ్చువారి పడవ లిచ్చట నాగును. జనులు దిగుదురు, కేకలు వేయుదురు, పొట్లములు విప్పుదురు, ఛాయాచిత్రములు తీసికొందురు. పిదప "ఇచ్చట చూచుట కేమియు లేదే" యని మరల పడవ యెక్కుదురు. ఈ మాటనుండియే రెండవ మాట పుట్టుచున్నది: ఏమియు లేదు గనుక నేదైన కట్టవలెనట! దుకాణములు, విద్యుద్దీపములు, బసలు. దీనికి మేము సమ్మతింపము.

నిజముగా నేమియు లేదా? బంగాళాఖాతపు టలలు మొదట నీ తిప్పను తాకి, బలముడిగి, కాకినాడ వైపునకు వచ్చును. రేవులో నోడలు నెమ్మదిగా నిలుచుట కీ యిసుకయే యాధారము. ఈ తీరమున నుప్పెన యన నెట్టిదో యెరుంగ గోరువారు సమీపమున నున్న కోరంగిని తలంపవలెను. ఓడలు కట్టుటకును బాగుచేయుటకును ప్రసిద్ధికెక్కిన రేవది. దాని పేరుననే బర్మాలోని తెలుగువారికి కోరంగీలను వాడుక నిలిచినది. 1789 డిసెంబరులో నొకసారి, 1839 నవంబరులో మరియొకసారి సముద్రము పొంగి దానిని ముంచెను. తుపానునకు సైక్లోనను పేరు కల్పించిన హెన్రీ పిడింగ్టను ఈ యుపద్రవములను గూర్చి వ్రాసియున్నాడు. కోరంగి పూర్వవైభవము మరల రాలేదు. నేడచ్చట మిగిలిన గొప్ప సంపద మడ అడవి. 1978లో దానిని వన్యప్రాణి రక్షణస్థలముగా ప్రకటించిరి.

ఇక దీపముల మాట. చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ నీ తిప్పపైకి వచ్చి, వెనుకకాళ్లతో గుంట త్రవ్వి, యొక్కొక్కటి నూటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టి, యిసుక కప్పి మరలిపోవును. నెలన్నర మొదలు రెండు నెలలలో పిల్లలు వెలువడును. వాటికి త్రోవ చూపు తల్లి లేదు. చీకటిలో నీటిపై నుండు మసకవెలుగే వాటికి దారి. గట్టున నొక్క పెద్దదీపము వెలిగినచో నవి సముద్రమును విడిచి యా దీపమువైపే ప్రాకును. తెల్లవారునప్పటికి కాకులపాలో, కుక్కలపాలో, యెండపాలో యగును. సుఖముగా గూర్చుండి భుజించుటకు మనకు వేరు తావులు లేవా?

పడవవారి జీవనము మాట యేమందురా? పడవలు మానవలెనని మేమనుట లేదు. పగటివేళ, అటవీశాఖవారి యనుమతితో, కొలదిమందితో పోవచ్చును. పడవ నడుపువాడు దిగుటకు ముందు నాలుగు మాటలు చెప్పిన చాలును. ఆ నీటి గుణము మా పుస్తకములకంటె నతనికే యెక్కువ తెలియును. అచ్చటి జాలరుల గుడిసెలు వారి యిండ్లు గాని వినోదస్థలములు గావు. పిలువక లోనికి తొంగిచూచుట మర్యాద గాదు.

మన బాలురలో నెవరైన నచ్చటికి పోవునెడల, తినుబండారముల సంచితోపాటు ఖాళీగోనెసంచి యొకటి కొనిపోవలెను. దిగునప్పుడు ఖాళీగా నున్న యా గోనె మరల నెక్కునప్పుడు నిండియుండవలెను. అందులో తమ చెత్తయే గాక, ముందు వచ్చిన వారిదియు నుండవలెను.