తెరచాటు శూరులు

ఎన్నికల దినములలో అభ్యర్థి యింటింటికిని వచ్చి చేతులు జోడించును. ఆ సమయముననే ఆయన యనుచరులలో కొందఱు సెల్‌ఫోనులు చేతబట్టి, ఆయన పూర్వచరిత్రను గూర్చి ప్రశ్నించిన విలేఖరిపై దూషణములను, బెదిరింపులను కురిపించుచుందురు. ఈ రెండును ఒకే ప్రచారములోని భాగములని మా యభిప్రాయము. వోట్లు తనవియే యనువాడు, ఆ వోట్లకై తన పేర జరుగు దౌర్జన్యముతో తనకు సంబంధము లేదనుట యెట్లు చెల్లును?

2016లో అమెరికా అధ్యక్షపదవికి జరిగిన యెన్నికలను చూడుడు. ఆ యేట ఏప్రిలు మాసమున జూలియా యోఫీ యను రచయిత్రి, అభ్యర్థి యగు ట్రంపుగారి భార్య జీవితమును గూర్చి యొక మాసపత్రికలో వ్రాసెను. వెంటనే ఆమెకు ఫోను చేసి హిట్లరు ఉపన్యాసములు వినిపించిరి; నాజీల మృత్యుశిబిరములోని ఖైదీ చిత్రమునకు ఆమె ముఖము నతికించి పంపిరి. ఆమె చేసిన యపరాధము వార్త వ్రాయుట. వారు పట్టుకొనినది ఆమె పుట్టుక. ఆంటీ డిఫమేషన్ లీగను సంస్థ 2015 ఆగస్టు మొదలు 2016 జూలై వఱకు ట్విట్టరును శోధించి, యూదద్వేషముతో పత్రికారచయితలపై విసరబడిన 19,253 సందేశములను లెక్కించెను. అందు నూటికి 83 వంతులు కేవలము పదిమందిపైననే పడినవి. ఇది కోపమున నొకడు నోరు జారుట గాదు. ఒకరి నేఱి, మూకగా చుట్టుముట్టి కొట్టుట.

ఈ కృత్యమును గూర్చి మీ యభిమానులకేమి చెప్పుదురని టెలివిజనువారు ట్రంపుగారి నడిగిరి. అభిమానులకు తాను చెప్పవలసిన దేమియు లేదనియు, ఆ రచయిత్రి వ్రాసినదే తప్పనియు ఆయన సెలవిచ్చెను. మౌనము అర్ధాంగీకార మని మన పెద్దలనిరి. అభ్యర్థి స్వహస్తముతో నొక్క దుర్భాష వ్రాయనక్కఱలేదు. వలదని యొక్కమాట యనకున్న చాలును. మూకకు అదియే యాజ్ఞ.

విలేఖరులు విమర్శకు అతీతులా యని కొందఱు ప్రశ్నింతురు. కానే కారు. పత్రికలు తప్పులు వ్రాయుట గలదు. పక్షపాతముతో వ్రాయుటయు గలదు. 2009 ఎన్నికలలో ధనము గైకొని, అభ్యర్థుల ప్రకటనలను వార్తలుగా అచ్చొత్తిన నీచకార్యమును మన యాంధ్రదేశమే చూచినది. వార్త తప్పైనచో ఖండింపుడు, సంపాదకునకు వ్రాయుడు, ప్రెస్ కౌన్సిలుకు ఫిర్యాదు సేయుడు, న్యాయస్థానమున కీడ్వుడు. ఇవన్నియు పౌరుని హక్కులు. కాని వార్తను ఖండించుట వేఱు, వ్రాసినయామె బిడ్డ యే బడిలో చదువుచున్నదో లోకమునకు చాటుట వేఱు. ‘నీవు వ్రాసినది తప్పు’ అనునది విమర్శ. ‘నీ యిల్లెక్కడనో మే మెఱుగుదుము’ అనునది విమర్శ గాదు.

మాటలే కదా యని తేలికగా చూచువారు హైదరాబాదు చరిత్రను జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడగు షోయబుల్లాఖానును రజాకార్లు చేయి నఱికి చంపిరి. మొదట వచ్చినది బెదిరింపే. కత్తి వెనుక వచ్చెను. నేటి మాటయు నిట్లే నడచుచున్నది. యునెస్కో పక్షమున 2020లో జరిగిన విచారణలో సమాధానమిచ్చిన స్త్రీ పాత్రికేయులలో నూటికి 73 మంది అంతర్జాలమున హింసకు గురియైతిమనిరి. నూటికి 20 మంది, ఆ హింస తెర దాటి తమ బ్రతుకులలోనికి వచ్చినదనిరి.

దీనికి క్రొత్త శాసనము కావలయునని మేము కోరుట లేదు. వాక్స్వాతంత్ర్యమునకు గొడ్డలిపెట్టైన 66ఎ నిబంధనను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. విలేఖరులను రక్షించు నెపమున దానిని మరల బ్రతికింపజూచిన, మొదట చెఱకు పోవువారు విలేఖరులే. ఉన్న శాసనమే చాలును. భారతీయ న్యాయసంహిత 351వ సెక్షను బెదిరింపును నేరమనుచున్నది. పేరు దాచుకొని బెదిరించువానికి అదనముగా రెండేండ్ల వఱకు శిక్ష విధింపవచ్చునని చెప్పుచున్నది. ఠాణాలో ఫిర్యాదు గైకొనువారే కావలయును.

ఎన్నికల సంఘమువారి ప్రవర్తనా నియమావళిలో నొక చక్కని నియమము గలదు. ప్రతి వ్యక్తికిని తన యింట ప్రశాంతముగ బ్రతుకు హక్కు గలదనియు, ఒకరి యభిప్రాయములను నిరసించుటకై వారి యింటిముందు ప్రదర్శనలు గాని పికెటింగు గాని జరుపరాదనియు దాని భావము. నాడు వాకిట నిలిచిన మూక నేడు ఫోనులో నిలిచినది. వాకిట పదిమంది నిలుచుట తప్పైనపుడు, పడకగదిలో పదివేలమంది నిలుచుట తప్పు గాకుండునా? ఈ నియమము తెరకును వర్తించునని సంఘమువారు స్పష్టముగా ప్రకటింపవలయును. అనుచరులు విలేఖరిని బెదిరించినపుడు అభ్యర్థి యొక దినములోగా బహిరంగముగా దానిని ఖండింపవలెనని శాసింపవలయును.

పత్రికాధిపతులకును మాదొక మాట. మండలములలో వార్తలు వ్రాయు విలేఖరికి ఆపద వచ్చినపుడు, అతడు మా యుద్యోగి కాడని తప్పించుకొనరాదు. వార్త మీదైనపుడు వ్రాసినవాడును మీవాడే.

బెదిరింపబడిన విలేఖరి మఱునాడు మెత్తగా వ్రాయును. ఆ మఱునాడు వ్రాయనే వ్రాయడు. అపుడు నష్టపోవువాడు వోటరు. ఎవని చేతికి ఖజానా యప్పగించుచున్నాడో ఎఱుగకయే అతడు మీట నొక్కును. ఇట్టి వోటుతో గెలిచినవాడు ప్రజల సమ్మతితో గెలిచెననుట ఆ ప్రజలను వంచించుటయే.